చర్మం రంగు ఎండకు మాడి వచ్చింది కాదు

సంపాదకులకు నమస్కారం.

వేడి దేశాల వాళ్లు తరతరాలుగా ఎండలో తిరిగి నల్లబడ్డారు, చలి దేశాల వాళ్లు ఎండ తగలక తెల్లగా ఉండిపోయారు. చర్మం రంగు మీద పత్రికల్లో ఏ సైన్స్ వ్యాసం వచ్చినా ఏదో ఒక మూల ఈ మాట తగులుతూనే ఉంది. పిల్లల పేజీల్లో అయితే మరీ. దాని వెనకే ఇంకో రెండు నమ్మకాలు నడిచొస్తాయి: చర్మానికి రంగునిచ్చే పదార్థమైన మెలనిన్‌కు 'మెలనిన్ జన్యువు' అని ఒకటుందని, రంగు చూసి ఎవరు ఎవరికి దగ్గరి చుట్టాలో చెప్పేయవచ్చని. మూడూ తప్పే. జన్యుశాస్త్రం బోధించేవాళ్లంగా మా అభిప్రాయం ఏమిటంటే అసలు చిక్కు మొదటిదాంట్లోనే ఉంది. అది విడిపోతే మిగతా రెండూ నిలబడవు. ఉత్తరం పొడుగైనా అందుకే వివరంగా రాస్తున్నాం.

ముందు ఎండలో నిలబడినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. అతినీలలోహిత కిరణాల్లో ఎ రకానివి చర్మంలో అప్పటికే ఉన్న మెలనిన్‌ను ఆక్సీకరించి నిమిషాల్లో ముదురు రంగు తెస్తాయి. అది గంటల్లో చాలావరకు తగ్గిపోతుంది. బి రకం కిరణాల పని వేరు. అవి పైచర్మపు కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బను పసిగట్టిన పి53 అనే ప్రోటీన్ ఒక హార్మోన్ తయారీకి ఆదేశం ఇస్తుంది. ఆ హార్మోన్ వెళ్లి రంగు కణం మీదున్న ఎంసీ1ఆర్ అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. రెండు మూడు రోజులకు కొత్త మెలనిన్ కనబడుతుంది. పైచర్మం వారాల్లోనే పొరలుగా రాలి కొత్తది వస్తుంది కాబట్టి ఆ నలుపూ దానితోపాటే పోతుంది. ఈ తతంగమంతా చర్మంలో మొదలై చర్మంలోనే ముగుస్తుంది. ఎండ తగిలిన సంగతి అండంలోని డీఎన్ఏకో శుక్రకణంలోని డీఎన్ఏకో రాసి పంపే దారి ఏదీ లేదు. పనిచేసి కాయలు కాసిన చేతులున్న వాళ్లకు మెత్తటి అరచేతుల పిల్లలే పుడతారు. ఇదీ అంతే.

మరి పుట్టుకతో వచ్చే తేడా ఎక్కడుంది? నల్లని చర్మాన్నీ తెల్లని చర్మాన్నీ పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పక్కపక్కన పెడితే మొదటిసారి చూసేవాళ్లు తప్పకుండా ఆశ్చర్యపోతారు. రంగు తయారుచేసే మెలనోసైట్ కణాల సంఖ్య రెండింటిలోనూ దాదాపు ఒక్కటే. పైచర్మపు అట్టడుగు వరసలో ఇవి అక్కడక్కడా కూర్చుని ఉంటాయి. ఒక్కో కణం వేళ్ల లాంటి కొమ్మలు చాచి చుట్టూ ఉన్న 30-40 కెరటిన్ కణాలకు, అంటే పైచర్మంలో ఎక్కువగా ఉండే మామూలు కణాలకు, రంగు పంచుతుంది. పంచేది పొడిగా కాదు, మెలనోసోమ్ అనే చిన్న సంచుల్లో నింపి. తేడా అంతా ఈ సంచుల్లోనే. నల్లని చర్మంలో సంచులు పెద్దవి, నిండుగా ఉంటాయి, విడివిడిగా పరుచుకుంటాయి, పైపొరల దాకా చెక్కుచెదరకుండా చేరతాయి. తెల్లని చర్మంలో చిన్నవి, గుంపులుగా చుట్టి ఉంటాయి, దారిలోనే కరిగిపోతాయి. సంచిని అందుకున్న కెరటిన్ కణం దాన్ని ఎక్కడ పెడుతుందో కూడా చూడాలి. తన కేంద్రకానికి సరిగ్గా పైన, ఎండ వచ్చే వైపు, గొడుగు పట్టినట్టు. డీఎన్ఏ ఉండేది ఆ గొడుగు నీడలోనే.

ఎంత నల్లని మనిషికైనా అరచేయి, అరికాలు తేలిక రంగులోనే ఎందుకుంటాయని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. అక్కడి లోపలి చర్మం డీకేకే1 అనే ప్రోటీన్‌ను ఎక్కువగా విడుదల చేసి మెలనోసైట్లను అణచిపెడుతుంది. శరీరమంతా జన్యువులు ఒకటే అయినా ఏ చోట ఏది ఎంత పలుకుతుందన్నది, అంటే ఎంత పనిచేస్తుందన్నది, వేరు.

ఇక 'మెలనిన్ జన్యువు' సంగతి. మెలనిన్ ప్రోటీన్ కాదు, దానికంటూ నేరుగా ఒక జన్యువు ఉండదు. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మెట్టు మెట్టుగా తయారయ్యే పదార్థమది. మొదటి మెట్టు టైరోసినేజ్ ఎంజైముది, దాని జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంది. ఈ ఎంజైము ఆమ్లంలో పనిచేయదు. సంచి లోపలి ఆమ్లత తగ్గించడం 15వ క్రోమోజోమ్ మీది ఓసీఏ2 జన్యువు పని, ఎస్ఎల్‌సీ45ఏ2 కూడా ఈ పనిలోనే పాలుపంచుకుంటుంది. కాల్షియం అటూ ఇటూ మార్చే ప్రోటీన్ ఎస్ఎల్‌సీ24ఏ5 నుంచి వస్తుంది. నలుపు-గోధుమ రంగు యూమెలనిన్ తయారవ్వాలా, పసుపు-ఎరుపు ఫియోమెలనిన్ తయారవ్వాలా అన్నది ఎంసీ1ఆర్ నిర్ణయిస్తుంది. ఆ స్విచ్ బలహీనపడితే ఎర్ర జుట్టు, ఎండకు కందిపోయే చర్మం. 2023లో ప్రయోగశాలలో పెంచిన మెలనిన్ కణాల్లో జన్యువుల్ని ఒక్కొక్కటిగా తొలగిస్తూ వెతికితే మెలనిన్ మోతాదును మార్చేవి 169 తేలాయి. అందులో 135 అంతకుముందు రంగుతో సంబంధం ఉందని ఎవరికీ తెలియనివి.

గందరగోళం పుట్టేది ఆల్బినిజం దగ్గర. అక్కడ నిజంగానే ఒక్క జన్యువుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే రెండు ప్రతులూ చెడితే రంగు దాదాపు పోతుంది. దాన్ని చూసి మామూలు రంగు తేడా కూడా ఒక్క జన్యువు ఆట అనుకుంటారు. బల్బు మాడితే గది చీకటవుతుంది కదా అని, గదిలో వెలుగు ఎంతుండాలో బల్బు ఒక్కటే తేలుస్తుందనుకున్నట్టు. ఇంకో సంగతి: ఆల్బినిజం ఉన్న ఇద్దరికి, ఒకరిలో టైరోసినేజ్ జన్యువు, మరొకరిలో ఓసీఏ2 చెడి ఉంటే, పుట్టే బిడ్డకు మామూలు రంగే వస్తుంది. ఒక్కో జన్యువులో ఒకరి నుంచి చెడిపోయిన ప్రతి వచ్చినా, మరొకరి నుంచి పనిచేసే ప్రతి అందుతుంది.

మామూలు రంగు ఎలా సంక్రమిస్తుందో కాగితం మీద వేసి చూసుకోవచ్చు. సౌలభ్యం కోసం మూడే జన్యువుల జతలున్నాయని, ఒక్కో ముదురు ప్రతి ఒక్కో పాలు రంగు కలుపుతుందని అనుకుందాం. తల్లిదండ్రులిద్దరిలోనూ మూడు ముదురు ప్రతులు, మూడు లేత ప్రతులు, అంటే ప్రతి జతలోనూ ఒక్కొక్కటి. ఇద్దరూ చామనచాయ. వాళ్ల పిల్లల్లో 64కి 20 అవకాశాలు తల్లిదండ్రుల రంగుకే. 15, 15 ఒక మెట్టు అటూ ఇటూ. 6, 6 రెండు మెట్లు. ఒకటి పూర్తి ముదురు, ఒకటి పూర్తి లేత. ఏడు ఛాయలు, ఒకే దంపతులకు. అసలు లెక్కలో జన్యువులు ఇంకా ఎక్కువ, అన్నీ సమానమైన బరువువి కావు, కాబట్టి మెట్లు కలిసిపోయి వాలుగా మారతాయి. బిడ్డ రంగు ఇద్దరిలో ఎవరితోనూ కలవలేదని అనుమానపడే వాళ్లకు ఈ 64 గడుల పట్టిక గీసి చూపించడం కన్నా మంచి జవాబు లేదు. పుట్టిన వెంటనే రంగు చూసి తేల్చేయడమూ తప్పే, మెలనిన్ తయారీ పుట్టాక కొన్ని నెలల పాటు పెరుగుతూనే ఉంటుంది.

అసలు ప్రశ్నకు వద్దాం. ఎండ డీఎన్ఏకు పాఠం చెప్పలేకపోతే, భూమధ్యరేఖ దగ్గర నలుపు, ధ్రువాల వైపు తెలుపు ఇంత క్రమంగా ఎలా పరుచుకున్నాయి? జన్యువుల్లో తేడాలు ఎండతో నిమిత్తం లేకుండా పుడుతూనే ఉంటాయి. వాటిలో ఏది ఎక్కువ మంది పిల్లలకు అందిందన్నదే ఎండ చేతిలో ఉంది. ప్రకృతివరణం అంటే ఇదే. 'మార్చింది' అన్న క్రియ బదులు 'ఎంచింది' అన్న క్రియ వాడితే వ్యాసంలో సగం తప్పులు పోతాయి.

ఎంపిక ఎలా సాగిందో చూడండి. చింపాంజీ వెంట్రుకలు పక్కకు తీస్తే కింద చర్మం లేత రంగులోనే ఉంటుంది. మన పూర్వీకులకు వెంట్రుకలు పలచబడి చెమటతో ఒంటిని చల్లార్చుకునే వీలు వచ్చాక, ఉష్ణమండలపు ఎండ నేరుగా చర్మం మీద పడింది. ఎంసీ1ఆర్ జన్యువులోని తేడాల్ని బట్టి ఈ జన్యువు మీద గట్టి కాపలా, అంటే మార్పుల్ని నిలవనీయని ఎంపిక, కనీసం 12 లక్షల ఏళ్ల కిందటే మొదలైందని 2004లో లెక్కగట్టారు. ఇప్పటికీ ఆఫ్రికన్లలో ఈ జన్యువులో ప్రోటీన్‌ను మార్చే తేడాలు దాదాపు కనబడవు. ఎండ తీవ్రంగా ఉన్నచోట ఈ స్విచ్ సడలితే ఆ వంశం నిలవలేదన్నమాట.

ఎందుకు నిలవలేదు? చర్మ క్యాన్సర్ అని చాలామంది రాస్తారు. అది ఎక్కువగా పిల్లల్ని కని పెంచేశాక వచ్చే జబ్బు, వంశవృద్ధిని పెద్దగా అడ్డుకోదు. అయితే భూమధ్యరేఖ దగ్గర ఆల్బినిజం ఉన్నవాళ్లకు చిన్న వయసులోనే అది వస్తుంది కాబట్టి పూర్తిగా కొట్టిపారేయలేం. మాకు బలంగా తోచేది ఫోలేట్ (బి9 విటమిన్) వాదన. మనిషి రక్తంలోని ప్లాస్మాను గాజుపాత్రలో పోసి తీవ్రమైన ఎండ లాంటి కాంతి కింద ఉంచితే 60 నిమిషాల్లో 30 నుంచి 50 శాతం ఫోలేట్ నశించిందని 1978లో బ్రాండా, ఈటన్ చూపించారు. గర్భం దాల్చాక మొదటి 28 రోజుల్లో పిండం వెన్నుపాము గొట్టం మూసుకోవాలి. అప్పుడు ఫోలేట్ తక్కువైతే అది తెరుచుకునే ఉండిపోతుంది. వీర్యకణాల తయారీకీ అదే కావాలి. దెబ్బ నేరుగా సంతానం మీదే. 2000లో నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ ఉపగ్రహం కొలిచిన అతినీలలోహిత తీవ్రతను మనుషుల చర్మపు రంగు కొలతలతో పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ గట్టిగా కలిశాయి.

ఉత్తరానికి వెళ్లేకొద్దీ కష్టం తారుమారవుతుంది. చర్మంలో డి విటమిన్ తయారవ్వాలంటే బి రకం కిరణాలు కావాలి. 1988లో వెబ్, హోలిక్ బృందం చేసిన ప్రయోగంలో 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీది బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఇంకా ఉత్తరాన కెనడాలోని ఎడ్మంటన్‌లో అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండ చర్మంలో డి విటమిన్‌ను పుట్టించలేకపోయింది. ఉన్న కొద్దిపాటి కిరణాలనూ ముదురు చర్మం అడ్డుకుంటుంది: నల్లని పైచర్మం గుండా సుమారు 7 శాతం బి కిరణాలే దిగుతాయి, తెల్లని దాని గుండా 24 శాతం. కాబట్టి అక్కడ గొడుగు పలచబడినవాళ్లకు లాభం. సముద్రపు చేపలు, జంతువుల కొవ్వు నుంచి డి విటమిన్ పుష్కలంగా అందే ఇన్యూట్ ప్రజలు ఆర్కిటిక్‌లో ఉండీ అంత తెల్లబడలేదు.

'ఇంత చిన్న లాభానికి ఇంత మార్పా' అనేవాళ్లు లెక్క వేసుకోవచ్చు. నూటికి ఒక ప్రతిగా ఉన్న జన్యురూపం, ఒక్కో ప్రతికి 1 శాతం లాభంతో నూటికి 99కి చేరడానికి సుమారు 920 తరాలు పడుతుంది. తరానికి 28 ఏళ్ల చొప్పున దాదాపు 26,000 సంవత్సరాలు. లాభం 5 శాతమైతే 5,000 ఏళ్లు చాలు. ఒకటి రెండు తరాల్లో ఏ ఎండా ఏ జనాన్నీ నల్లబరచలేదు, తెల్లబరచలేదు.

పురాతన ఎముకల డీఎన్ఏ ఈ లెక్కకు సాక్ష్యం పలికింది. ఆధునిక మానవులు ఐరోపా చేరి 40,000 ఏళ్లు దాటింది. కానీ 2014లో చదివిన ఉత్తర స్పెయిన్‌లోని లా బ్రాన్యా మనిషి డీఎన్ఏ ఏం చెప్పింది? 7,000 ఏళ్ల నాటి ఆ వేటగాడిలో తెల్ల చర్మపు ప్రధాన జన్యురూపాలు లేవు, కళ్లు మాత్రం నీలం. అంటే ఐరోపాలో మనుషులు గడిపిన కాలంలో అధిక భాగం నల్లగానే గడిపారు. ఎస్ఎల్‌సీ24ఏ5 లేత రూపం వ్యవసాయదారులతో పశ్చిమ ఆసియా నుంచి పెద్ద ఎత్తున వచ్చింది. ఎస్ఎల్‌సీ45ఏ2 లేత రూపం ఇంకా ఆలస్యంగా, గత కొన్ని వేల ఏళ్లలోనే అంతటా పాకింది. 'చలికి తెల్లబడ్డారు' అనే కథకు ఈ కాలక్రమం పూర్తిగా అడ్డం తిరుగుతుంది.

ఎస్ఎల్‌సీ24ఏ5 బయటపడిన తీరూ చెప్పాలి. 2005లో కీత్ చెంగ్ బృందం చారలు పాలిపోయిన 'గోల్డెన్' అనే జీబ్రాఫిష్ రకంలో చెడిన జన్యువును పట్టుకుంది. మనిషిలోని అదే జన్యువు సందేశాన్ని చేప పిండంలోకి ఎక్కిస్తే చారలకు రంగు తిరిగొచ్చింది. మనుషుల్లో తేడా ఒక్క అక్షరం: జి ఉండాల్సిన చోట ఎ. దానితో ప్రోటీన్‌లో 111వ స్థానంలో అలనిన్ అనే అమైనో ఆమ్లం పోయి థ్రియోనిన్ వస్తుంది. ఐరోపా, ఆఫ్రికా మూలాల మధ్య మెలనిన్ తేడాలో 25 నుంచి 38 శాతం ఈ ఒక్క అక్షరానిదే. దక్షిణ ఆసియాలో 1,228 మందిని కొలిచి 2013లో వెలువరించిన అధ్యయనంలో 27 శాతం తేడా దీనిదని తేలింది, అక్కడి రూపమూ ఐరోపా రూపమూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవని కూడా. మరి తూర్పు ఆసియా వాళ్లు? వాళ్లలో ఈ రూపం చాలా అరుదు. వాళ్ల లేత రంగులో పాలున్నది ఓసీఏ2లోని వేరే మార్పుకి, 615వ స్థానంలో హిస్టిడిన్ బదులు ఆర్జినిన్‌కి. గమ్యం ఒకటే, దారులు రెండు. సోలొమన్ దీవుల్లో నల్లని చర్మం మీద పుట్టుకతో వచ్చే బంగారు రంగు జుట్టు సంగతీ ఇదే. ఐరోపా రక్తం కలిసిందని చాలాకాలం అనుకున్నారు. 2012లో చూస్తే టీవైఆర్‌పీ1 జన్యువులో ఐరోపాలో కనబడని సొంత మార్పు అది.

ఆఫ్రికా అంతా ఒకే నలుపు అన్న ఊహ 2017లో పడిపోయింది. సారా టిష్కాఫ్ బృందం ఇథియోపియా, టాంజానియా, బోట్స్వానాల్లో 2,000 మందికి పైగా చర్మం కొలిచింది. రంగు తేడాల్లో సుమారు 29 శాతం కొద్ది జన్యు ప్రాంతాల నుంచి వచ్చిందే. వాటిలో ఎంఎఫ్ఎస్‌డీ12 జన్యువుకు రంగుతో సంబంధం ఉందని కొత్తగా తెలిసింది, అది తక్కువ పలికితే రంగు ముదురుతుంది. ముఖ్యమైన సంగతి వయసు. ముదురు రూపాలూ లేత రూపాలూ రెండూ ఎన్నో లక్షల ఏళ్ల నాటివి, ఆధునిక మానవుడి కన్నా పాతవి కొన్ని. ముదురు రూపాల్లో కొన్ని దక్షిణ భారతీయుల్లోనూ పసిఫిక్ దీవుల మెలనేసియన్లలోనూ అలాగే నిలిచి ఉన్నాయి. అంతమాత్రాన మెలనేసియన్లు ఆఫ్రికన్లకు దగ్గరివాళ్లు కారు. మొత్తం డీఎన్ఏ చూస్తే వాళ్లు తూర్పు ఆసియా వాళ్లకే దగ్గర.

రంగును బట్టి జాతులు తేల్చడం ఎందుకు చెల్లదో రెండు అంకెలు చెబుతాయి. మామూలు జన్యు తేడాల్లో 85 శాతం ఒకే జనసమూహం లోపలి మనుషుల మధ్యే ఉంటుందని 1972లో లెవాంటిన్ లెక్కించారు. చర్మం రంగులో లెక్క తలకిందులు: 2002లో రెలెత్‌ఫర్డ్ చూస్తే 88 శాతం తేడా భూభాగాల మధ్యే, ఒకే సమూహం లోపల 9 శాతమే. ఎండ ఎంపిక చేసిన లక్షణం కాబట్టే ఇది మిగతా జన్యువుల దారిలో నడవదు. బయటికి అన్నిటికన్నా ముందు కనబడే లక్షణమే చుట్టరికం చెప్పడానికి అన్నిటికన్నా పనికిరానిది.

రంగు కొలతల వార్తలు వేసేటప్పుడు కొన్ని చూసుకోమని మనవి. కొలత పై చేతి లోపలి వైపు, ఎండ తగలని చోట తీయాలి. నుదుటి మీద తీస్తే పుట్టుకతో వచ్చినదీ ఎండకు వచ్చినదీ కలిసిపోతాయి. పరికరం గట్టిగా నొక్కితే కింది రక్తం పక్కకు జరిగి అంకె మారుతుంది. మెల్లగా ఆనించి మూడుసార్లు తీసి సగటు వేయాలి. వైద్యులు చెప్పే ఫిట్జ్‌ప్యాట్రిక్ రకాలు రంగు కొలతలు కావు. చర్మం కందుతుందా, నల్లబడుతుందా అని అడిగి కాంతి చికిత్స మోతాదు నిర్ణయించడానికి 1975లో పెట్టుకున్నవి. డీఎన్ఏ నుంచి రంగు ఊహించే 41 గుర్తుల పరీక్ష బాగా తెల్లని, బాగా నల్లని వాళ్లను పట్టుకున్నంత చక్కగా చామనచాయను పట్టుకోలేదు. అది నేర్చుకున్న నమూనాల్లో ఐరోపా మూలాలవే ఎక్కువ కావడం ఒక కారణం.

చివరిగా ఒక బొమ్మ గురించి. ఇలాంటి వ్యాసాల పక్కన నల్లని మనిషి నుంచి మెట్టు మెట్టుగా తెల్లని మనిషి దాకా వరసగా నిలబెట్టిన బొమ్మ వేస్తుంటారు. ఈసారి చిత్రకారుడికి ఇలా చెప్పండి: మొదట వెంట్రుకల కింద లేత చర్మం, తర్వాత వెంట్రుకలు పోయిన ముదురు చర్మం, అక్కడి నుంచి చెట్టు కొమ్మల్లా చీలికలు. ఒక కొమ్మ మీద ఎస్ఎల్‌సీ24ఏ5, వేరే కొమ్మ మీద ఓసీఏ2, ఆఫ్రికా లోపలే ఎంఎఫ్ఎస్‌డీ12 చీలిక. కొమ్మల చివర్లన్నీ కాగితం మీద ఒకే ఎత్తులో ఉండాలి.

భవదీయులు,
జన్యుశాస్త్ర అధ్యాపకులు